చవక పికప్‌లు వేస్తే గిటార్ నిజంగా మారుతుందా?

హోస్ట్: అన్నా, ఉపోద్ఘాతం ఏమీ లేకుండా మొదలుపెడతాను. మొదటి ఎలక్ట్రిక్ గిటార్ కొన్న ప్రతివాడికీ కొన్నాళ్లకి ఒక పురుగు తొలుస్తుంది. పికప్‌లు, అంటే స్ట్రింగ్స్ కింద ఉండి వాటి ఊపుని సిగ్నల్‌గా మార్చే భాగాలు, మార్చెయ్యాలని. గిటార్ చవకది, కాబట్టి పికప్‌లూ చవకవే వేద్దామని. ఇది పనికొచ్చే ఆలోచనేనా?

అతిథి: పనికొస్తుంది. కానీ ముందు నేనడిగేది ఒకటే. నీకు ఏది నచ్చట్లేదు? "సౌండ్ బాలేదు" అంటే చాలదు. మూసుకుపోయినట్టుందా, చెవిలో గుచ్చుతోందా, డిస్టార్షన్ పెట్టగానే అంతా ముద్దైపోతోందా, లేకపోతే వాయించనప్పుడు కూడా గుయ్‌మంటోందా? దేని మందు దానిదే. నన్నడిగితే సగం మందికి స్క్రూడ్రైవర్ చాలు, సోల్డరింగ్ ఐరన్ అక్కర్లేదు.

హోస్ట్: స్క్రూడ్రైవర్ అంటే... ఎత్తు సర్దడమా?

అతిథి: అదే. పికప్ పక్కన ఉండే స్క్రూలు ఎందుకున్నాయో చాలామంది పట్టించుకోరు. ఆరో స్ట్రింగ్‌ని, ఒకటో స్ట్రింగ్‌ని ఒక్కొక్కటిగా చివరి ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టుకుని, స్ట్రింగ్ అడుగుకీ పికప్ పోల్‌కీ (ఒక్కో స్ట్రింగ్ కింద కనిపించే లోహపు ముక్క) మధ్య దూరం కొలువు. ఫెండర్ స్ట్రాటోకాస్టర్, అదే స్ట్రాట్ తరహా సింగిల్ కాయిల్ (ఒకే తీగచుట్ట ఉన్న పికప్) అయితే లావు స్ట్రింగ్ వైపు సుమారు 2.4, సన్న స్ట్రింగ్ వైపు 2 మిల్లీమీటర్ల దగ్గర మొదలుపెట్టి, అక్కణ్ణుంచి చెవితో సర్దుకో. మరీ దగ్గరికి తెస్తే అయస్కాంతం స్ట్రింగ్‌ని లాగేస్తుంది. పై ఫ్రెట్లలో లావు స్ట్రింగ్స్ వాయించినప్పుడు శ్రుతి అటూ ఇటూ ఊగుతుంది, రెండు స్వరాలు కొట్టుకున్నట్టు వినిపిస్తుంది. దానికి ఇంటోనేషన్ (ఫ్రెట్ల పొడవునా శ్రుతి కుదిర్చే సర్దుబాటు) ఎన్నిసార్లు సర్దినా లాభం లేదు, పికప్ కిందికి దించాలి.

హోస్ట్: సరే, ఎత్తు సర్దాం, అయినా తృప్తి లేదు. ఇప్పుడు మారుద్దాం. చవకదానికీ పేరున్నదానికీ లోపల తేడా ఏంటి?

అతిథి: లోపల ఏముంటుంది చెప్పు? అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుకంత సన్నటి రాగి తీగ. 42 గేజ్ అంటారు, మందం 0.063 మిల్లీమీటర్లు. స్ట్రాట్ పికప్‌లో అలాంటివి దాదాపు 8000 చుట్లు ఉంటాయి. స్టీల్ స్ట్రింగ్ ఊగితే అయస్కాంత క్షేత్రం కదులుతుంది, కాయిల్‌లో వోల్టేజ్ పుడుతుంది. సూత్రం ఫ్యారడే నాటిది. చవక కంపెనీ కూడా అదే గేజ్ తీగ, అదే ఆల్నికో 5 (అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ కలిసిన మిశ్రమం) అయస్కాంతం వాడొచ్చు. ఎక్కువ డబ్బుకి దొరికేది మంత్రం కాదు. పది పికప్‌లు తీసుకుంటే పదీ ఒకేలా ఉండటం, మైనం సరిగ్గా పట్టించడం, వైరింగ్ బొమ్మ స్పష్టంగా ఇవ్వడం. అదీ విలువే, కాదనను.

హోస్ట్: మరి పాతకాలం పికప్‌ల మీద అంత మోజు ఎందుకు?

అతిథి: గిబ్సన్ గిటార్ కంపెనీలో సేత్ లవర్ హంబకర్‌కి, అంటే రెండు కాయిల్స్‌తో హమ్‌ని రద్దు చేసే పికప్‌కి, 1955లో పేటెంట్‌కి దరఖాస్తు చేశాడు, 1959లో మంజూరైంది. ఆ రోజుల్లో వచ్చినవాటికి "పేటెంట్ అప్లైడ్ ఫర్" అని స్టిక్కర్ ఉండేది, అందుకే పీఏఎఫ్ అన్న పేరు. ఆ దేవుళ్లనే తీసుకో. ఒక దాంట్లో ఒక రకం ఆల్నికో, ఇంకో దాంట్లో ఇంకో రకం. రెండు కాయిల్స్‌లో చుట్లు కూడా సమానంగా ఉండేవి కావు. అంటే ఇప్పుడు మనం చవక పికప్‌ని తిట్టే కారణాలన్నీ వాటిలోనూ ఉన్నాయి!

హోస్ట్: (నవ్వు) ఈ మాటకి కామెంట్లలో నన్నే తిడతారు.

అతిథి: తిట్టనీ. విడిగా పికప్ కొనుక్కుని బిగించుకునే అలవాటు 1970లలో పెరిగింది. డిమార్జియో కంపెనీ సూపర్ డిస్టార్షన్ పికప్ వచ్చింది 1972లో. అప్పటి ఆశయం ఒకటే, యాంప్‌ని ఇంకాస్త గట్టిగా తొయ్యాలి. ఇప్పుడు తొయ్యడానికి పెడల్స్ ఉన్నాయి, యాంప్‌లో గెయిన్ నాబ్ ఉంది. అయినా అమ్మకాల పేజీల్లో "హై అవుట్‌పుట్" అనే మాట చావలేదు.

హోస్ట్: ఆ పేజీల్లో కిలో ఓమ్‌లు కూడా రాస్తారు కదా. 8 అని, 14 అని. ఎక్కువుంటే మంచిదా?

అతిథి: అదిగో, అందరూ బోల్తా పడేది అక్కడే. ఆ అంకె తీగ నిరోధం, అంతే. దాన్నిబట్టి టోన్ చెప్పడం బావి లోతు చూసి నీళ్ల రుచి చెప్పినట్టే. 42 గేజ్ బదులు ఇంకా సన్నటి 43 గేజ్ తీగ చుడితే, చుట్లు అవే ఉన్నా ఓమ్‌లు పెరుగుతాయి. ఒకే తీగ, ఒకే కొలతల కాయిల్ అయితే పోల్చుకోవచ్చు. టోన్‌కి దగ్గరగా ఉండే అంకె ఇండక్టెన్స్, హెన్రీల్లో ఇస్తారు. స్ట్రాట్ పికప్ 2 నుంచి 3 హెన్రీలు, పాతరకం హంబకర్ 4, 5 హెన్రీల దగ్గర. అది పెరిగేకొద్దీ మెరుపు తగ్గి మధ్య స్థాయి చిక్కబడుతుంది. చవక పికప్ అయినా ఈ అంకె ఇచ్చాడంటే వాడికి పని తెలుసని నేను అనుకుంటాను.

హోస్ట్: సిరామిక్, ఆల్నికో గొడవ?

అతిథి: సిరామిక్ అంటే చెత్త అని కాదు. మంచి హెవీ హంబకర్లు చాలావాటిలో సిరామిక్కే ఉంటుంది. కానీ చవక స్ట్రాట్ తరహా గిటార్లో నిర్మాణమే వేరు. పికప్ తీసి అడుగు చూడు. అడుగున అడ్డంగా నల్లటి సిరామిక్ బిళ్లలు అంటించి ఉంటే పైన కనిపించే పోల్స్ అయస్కాంతాలు కావు, ఉత్త స్టీల్ ముక్కలు. కాయిల్ మధ్యలో స్టీల్ ఉంటే ఇండక్టెన్స్ పెరుగుతుంది, పై స్థాయిల్లో మెరుపు కొంత పోతుంది. అలాంటిదాని స్థానంలో ఆల్నికో కడ్డీలున్న సెట్ వేస్తే, అది చవకదైనా, తేడా మొదటి కార్డ్‌కే తెలుస్తుంది. పెట్టిన డబ్బుకి ఎక్కువ ఫలితం వచ్చేది ఈ ఒక్క మార్పులోనే అని నా లెక్క. అదే ఇప్పటికే ఆల్నికో ఉన్న గిటార్లో ఇంకో చవక ఆల్నికో సెట్ వేస్తే, చెవులు రిక్కించి తేడా వెతుక్కోవాలి.

హోస్ట్: కొనేముందు ఏం కొలవాలి?

అతిథి: పోల్స్ మధ్య దూరం. మొదటి పోల్ మధ్య నుంచి ఆరో పోల్ మధ్య వరకు. సింగిల్ కాయిల్స్ 48, 50, 52 మిల్లీమీటర్లలో దొరుకుతాయి. హంబకర్లయితే 50 దగ్గర ఒక రకం, 52, 53 దగ్గర ఇంకో రకం. ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడాకి సౌండ్ ఏమీ చచ్చిపోదు గానీ, ప్లాస్టిక్ కవర్ రంధ్రాల్లో పోల్స్ దూరవు. ఇంకా కావిటీ (గిటార్ చెక్కలో పికప్ కూర్చునే గుంట) లోతు, స్క్రూ రంధ్రాల దూరం. ఇవి చూడకుండా కొని, తర్వాత చెక్క చెక్కుతూ కూర్చుంటారు.

హోస్ట్: పాట్స్, అంటే వాల్యూమ్, టోన్ నాబ్‌ల కింద ఉండే భాగాలు, అవి కూడా మార్చాలా?

అతిథి: సింగిల్ కాయిల్‌కి 250 కిలో ఓమ్‌లు, హంబకర్‌కి 500. ఇది అలవాటు, చట్టం కాదు. విలువ తగ్గితే పై మెరుపు ఎక్కువ కారిపోతుంది. నీ హంబకర్ గిటార్ మూసుకుపోయినట్టుంటే, లోపల 250 పాట్ ఉందేమో చూడు. అది మారిస్తే పికప్ ఖర్చే మిగలొచ్చు. చవక గిటార్లలో చిన్న సైజు పాట్స్ ఉంటాయి, పెద్దవి పట్టాలంటే రంధ్రం వెడల్పు చెయ్యాల్సి రావచ్చు.

హోస్ట్: సోల్డరింగ్ అంటేనే కొందరికి చేతులు వణుకుతాయి.

అతిథి: దాంట్లో పెద్ద విద్యేం లేదు. స్ట్రింగ్స్ తీశాక, పాత వైరింగ్ ఫోటో తీసుకో. ఐరన్ మొనకి ముందు కొంచెం సోల్డర్ పూసుకో, వైర్ చివరకీ పూసుకో. సోల్డర్‌ని ఐరన్ మీద కాదు, కాగిన జాయింట్ మీద కరిగించాలి. పాట్ వీపు మీద గ్రౌండ్ వైర్ పెట్టేచోట వేడి ఎక్కువ కావాలి, అక్కడ బలహీనమైన ఐరన్ పెట్టి నిమిషాల తరబడి నొక్కితే పాట్ లోపల మాడుతుంది. అంతే. అసలు చిక్కు ఫేజ్‌తో.

హోస్ట్: రెండు పికప్‌లు కలిపితే సన్నగా, ముక్కుతో పాడినట్టు వస్తుంది, అదేనా?

అతిథి: అదే. విడివిడిగా రెండూ బాగుంటాయి, కలిపితే ఒకదాన్నొకటి మింగేస్తాయి. వేర్వేరు కంపెనీలవి కలిపితే ఇలా అయ్యే అవకాశం ఎక్కువ. బిగించకముందే చూసుకోవచ్చు. మల్టీమీటర్‌ని మిల్లీవోల్ట్‌లలో పెట్టి, ఎర్ర ప్రోబ్ హాట్ వైర్‌కి (సిగ్నల్ మోసేది), నల్లది గ్రౌండ్‌కి పట్టించు. స్టీల్ స్క్రూడ్రైవర్ పోల్స్ మీద ఆనించి టక్కున లాగు. అంకె ముందు ప్లస్ వైపు ఎగిరిందా, మైనస్ వైపా? రెండో పికప్‌కీ అలాగే చెయ్యి. రెండూ ఒకే వైపు ఎగరాలి. లేకపోతే ఒకదాని వైర్లు తారుమారు చెయ్యి. కానీ మెటల్ కవర్ ఉండి, అది గ్రౌండ్ వైర్‌కే కలిపి ఉంటే మాత్రం అలా తిప్పెయ్యకు. కవర్ మొత్తం హాట్ అయి కూర్చుంటుంది.

హోస్ట్: హంబకర్‌కి నాలుగు రంగుల వైర్లు వస్తే?

అతిథి: రంగుని నమ్మకు, బొమ్మని నమ్ము. సీమోర్ డంకన్‌లో నల్లది హాట్, డిమార్జియోలో ఎర్రది హాట్. చవక కంపెనీల్లో ఎవరి దారి వాళ్లది. బొమ్మ ఇవ్వకపోతే ఓమ్‌లు కొలిచి ఏ రెండు వైర్లు ఒక కాయిల్‌వో కనుక్కో, తర్వాత ఇందాకటి స్క్రూడ్రైవర్ పరీక్షే.

హోస్ట్: చివరిగా ఒక శ్రోత ప్రశ్న. "కొత్త సింగిల్ కాయిల్స్ వేశాను, గుయ్‌మనే చప్పుడు పోలేదు. స్ట్రింగ్స్ ముట్టుకుంటే తగ్గుతోంది." ఎక్కడ తప్పు జరిగింది?

అతిథి: ఎక్కడా లేదు. ముట్టుకుంటే తగ్గుతోందంటే స్ట్రింగ్స్ గ్రౌండ్ అయ్యాయని. ముట్టుకుంటే పెరిగితే జాక్ దగ్గర హాట్, గ్రౌండ్ తారుమారయ్యాయేమో చూడాలి. స్ట్రింగ్స్ ముట్టుకుంటే జిల్లుమని కరెంటు తెలిస్తే మాత్రం వెంటనే ప్లగ్ తీసెయ్, అది గిటార్ పని కాదు, యాంప్‌నీ ఎర్తింగ్‌నీ చూపించాలి. ఇక సింగిల్ కాయిల్ అన్నాక 50, 60 హెర్ట్జ్ హమ్ దాని పుట్టుకలోనే ఉంది. సెట్‌లో మధ్య పికప్ తిరగేసి చుట్టి, అయస్కాంతం కూడా తిరగేసిందైతే స్విచ్ రెండు, నాలుగు స్థానాల్లో, అంటే మధ్య పికప్ పక్కదానితో కలిసే చోట, హమ్ పోతుంది. మిగతా చప్పుడుకి కావిటీ లోపల రాగి రేకు అంటించొచ్చు. ట్యూబ్ లైట్లు, డిమ్మర్లు చేసే జుయ్‌మనే రొద తగ్గుతుంది. కాయిల్‌కి పుట్టుకతో వచ్చిన హమ్ దానికి లొంగదు.

హోస్ట్: రేకు వేశాక పిక్‌గార్డ్ బిగించగానే సౌండ్ మొత్తం ఆగిపోయిందని కూడా చాలామంది రాస్తున్నారు.

అతిథి: జాక్ దగ్గరో, స్విచ్ దగ్గరో హాట్ వైపు ట్యాగ్ రేకుకి తగులుతోంది. ఆ చోట రేకు మీద ఇన్సులేషన్ టేప్ ముక్క వేసి మళ్లీ బిగించమను.