నాట్ పక్కన ఆర్ కనిపిస్తే ఒక్క నిమిషం ఆగండి

నమస్తే, నల్లగొండ నుంచి మాట్లాడుతున్నా. మెయిన్‌ఫ్రేమ్ (బ్యాంకుల్లాంటి చోట్ల వాడే పెద్ద కంప్యూటర్) ఉద్యోగంలో కొత్తగా చేరిన మా వీధి తమ్ముడు నిన్న ఫోన్ చేసి కోబాల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన ఒక లైన్ చదివి వినిపించాడు. 'ఇఫ్ స్టేటస్ నాట్ ఈక్వల్ సీ ఆర్ డబ్ల్యూ'. దాని కింద వడ్డీ లెక్క.

"అన్నా, సీ అంటే మూసేసిన ఖాతా, డబ్ల్యూ అంటే రైటాఫ్, రాని బాకీ కింద కొట్టేసిన ఖాతా. రెండూ కాకపోతేనే వడ్డీ పడాలి. డబ్ల్యూ ఖాతాలు సరిగ్గానే ఉన్నయి, సీ ఖాతాలకు మాత్రం వడ్డీ పడుతోంది" అన్నాడు. గొంతులో టెన్షన్ తెలుస్తోంది.

కోబాల్ 1959లో మొదలైంది. మామూలు ఇంగ్లిష్‌లా చదువుకోవచ్చన్నదే దాని గొప్ప. ఇక్కడ ముంచేది కూడా అదే. మనం 'సీ, డబ్ల్యూ రెండూ కాకపోతే' అని చదువుకుంటాం. కోడ్‌ను కంప్యూటర్‌కు అర్థమయ్యేలా మార్చే కంపైలర్ మాత్రం ఆ లైన్‌ను విప్పి, 'స్టేటస్ సీ కాదు, లేదా స్టేటస్ డబ్ల్యూ కాదు' అని తీసుకుంటుంది. ఎర్రర్ కూడా ఇవ్వదు.

ఒక సీ ఖాతాను పంపి చూడండి. 'సీ కాదు' అన్నది తప్పు. 'డబ్ల్యూ కాదు' అన్నది నిజం. మధ్యలో 'లేదా' ఉంది, ఒక్కటి నిజమైతే చాలు, వడ్డీ పడిపోతుంది. డబ్ల్యూ పంపినా అంతే. ఒకే అక్షరం సీ, డబ్ల్యూ రెండూ అయ్యే వీలే లేదు కాబట్టి ఆ ఇఫ్ ఉన్నా లేనట్టే.

మన బస్టాండ్‌లో కండక్టర్‌ను అడగండి. "దేవరకొండకూ పోదు, మిర్యాలగూడకూ పోదు" అంటాడు. 'పోదు లేదా పోదు' అని ఎవరూ అనరు. ఆ రెండు 'కూ'లే కోబాల్‌లో ఆండ్. గణిత శాస్త్రవేత్త డి మోర్గాన్ పేరు మీదున్న తర్క సూత్రం చెప్పేది ఇదే: 'రెండింట్లో ఏదీ కాదు' అంటే 'ఇదీ కాదు, అదీ కాదు' అని. ఆయన 1806లో పుట్టింది మన మదురైలోనే!

కాబట్టి 'నాట్ ఈక్వల్ సీ ఆండ్ డబ్ల్యూ' అని రాయాలి. నాకైతే ఎయిటీ ఎయిట్ లెవల్, అంటే కోబాల్‌లో విలువలకు ఒక పేరు పెట్టే పద్ధతి, ఇష్టం. సీ, డబ్ల్యూ రెండింటికీ కలిపి 'ముగిసిన ఖాతా' అని ఒక పేరు పెట్టి, 'ఇఫ్ నాట్ ముగిసిన ఖాతా' అంటే చాలు.

మరి డబ్ల్యూ ఖాతాలు ఎలా సరిగ్గా వచ్చాయి? ఆర్ మార్చే ముందు కిందిదాకా చదవమన్నాను. రాత్రి మళ్లీ ఫోన్ చేశాడు. చాలా కింద, వేరే పేరాగ్రాఫ్‌లో, డబ్ల్యూ అయితే వడ్డీని సున్నా చేసే లైన్ ఒకటి దొరికిందట. ఎవరో ఎప్పుడో అక్కడ అతుకు వేసి వదిలేశారు.