ఫొటోలో గాలి కనపడదు

హోస్ట్: అందరికీ నమస్తే. ఈ వారం మన దగ్గర కూర్చున్నది మా వదిన. అన్నయ్యా వాళ్ళు ఉండేది లండన్‌లో. పోయిన సెప్టెంబర్‌లో వదినవాళ్ళ అమ్మానాన్నల నలభయ్యో పెళ్లిరోజుకి గ్రీసులో పారోస్ అనే దీవికెళ్ళి, ఒక విల్లా మొత్తం అద్దెకు తీసుకున్నారు. పది మంది, ఏడు రాత్రులు. నన్ను మాత్రం పిలవలేదు.

వదిన: పది మందికి మించితే ఒప్పందం చెల్లదని కాగితంలో రాసుందమ్మా. నేనేం చేసేది!

హోస్ట్: ఎప్పుడూ ఏదో ఒక కాగితం ఉంటుంది మీ దగ్గర. సరే, అందరూ అడగాలనుకుని మొహమాటపడే ప్రశ్న నేనే అడిగేస్తా. ఎంతయింది వదినా?

వదిన: వారానికి 7,000 యూరోలు. అయిదు బెడ్‌రూములు, ఒక పూల్. నాన్న వినగానే, "ఆ డబ్బుతో మార్కాపురంలో మేడ మీద ఒక గది వేయించుకోవచ్చు" అన్నారు. కానీ లెక్క వేస్తే మనిషికి రాత్రికి 100 యూరోలు. పది మందికి అయిదు హోటల్ గదులు తీసుకుంటే ఎంతవుతుందో చూసుకుని, అప్పుడు నోరు మూసుకున్నారు.

హోస్ట్: సెప్టెంబరే ఎందుకు? పెళ్లిరోజు ఆగస్టులో కదా?

వదిన: అదే ఇల్లు ఆగస్టు నడిమి వారానికి దాదాపు రెట్టింపు చెప్పారు. ఆగస్టు 15 అక్కడ మేరీమాత పండగ. పారోస్ రేవు ఊరు పారికియాలో ఎకటోంటపిలియానీ అని చాలా పాత చర్చి ఉంది, నూరు వాకిళ్ళ గుడి అని అర్థం. పండక్కి ఎక్కడెక్కడినుంచో జనం వస్తారు. అందుకే మేం పెళ్లిరోజునే సెప్టెంబర్‌కి జరిపాం. "నలభై ఏళ్ళ కిందట సిద్ధాంతిగారు పెట్టిన ముహూర్తాన్ని ఈ ఇల్లుగలాయన మార్చేశాడు" అని నాన్న అందరికీ చెప్పుకున్నారు.

హోస్ట్: ఆ 7,000లోనే అన్నీ వచ్చేస్తాయా?

వదిన: రావు. వాతావరణ సంక్షోభ రుసుము అని ప్రభుత్వం పన్ను వేస్తుంది. 2025 నుంచి విల్లాలకి ఏప్రిల్–అక్టోబర్ మధ్య రోజుకి 15 యూరోలు. మనిషికి కాదు, ఇంటికి. మాకు 105 అయింది. పూల్ నీళ్ళు వెచ్చగా కావాలంటే దానికి వేరే లెక్క. మేం వద్దన్నాం. మా మరిది ఒక్కడే పొద్దున్నే దూకి, వణుక్కుంటూ బయటికొచ్చి, "బాగుంది, రండి" అనేవాడు. ఎవరూ నమ్మలేదు.

హోస్ట్: ఇల్లు ఎలా వెతికారు? మోసపోతామని భయం వేయలేదా?

వదిన: మొదట నచ్చిన ఇల్లు అలాంటిదే. ఫొటోలు అదిరిపోయాయి, రేటు మిగతావాటిలో సగం. గ్రీసులో ఇళ్ళు అద్దెకిచ్చేవాళ్ళు పన్నుల శాఖ దగ్గర రిజిస్టరు చేసుకుని, ఆ నంబరు ప్రకటనలో పెట్టాలి. దాన్ని ఆమా అంటారు. కొన్ని విల్లాలకి వేరే రకం లైసెన్సు నంబరు ఉంటుంది. ఏదో ఒకటి మాత్రం కనపడాలి. నేను అడిగితే ఆయన నంబరు చెప్పడు, "ఈ రోజే డబ్బు పంపితే ఇంకో పది శాతం తగ్గిస్తా" అంటాడు. అక్కడితో నమస్కారం పెట్టేశా.

హోస్ట్: మంచి పని చేశారు.

వదిన: ఇంకోటి, 'ప్రైవేట్ బీచ్' అని రాస్తారు చూడు, అది ఉత్తమాట. గ్రీసులో సముద్రపు ఒడ్డు ఎవరి సొంతమూ కాదు, చట్టమే అంత. 2023లో పారోస్‌లోనే జనం తువ్వాళ్ళు పట్టుకుని బీచ్‌ల మీదికొచ్చారు. బీచ్ వ్యాపారులు కుర్చీలూ గొడుగులూ వేసి మా ఇసకంతా ఆక్రమించేశారు, మేం తువ్వాలు పరుచుకోడానికి చోటేది అని. తువ్వాళ్ళ ఉద్యమం అనే పేరొచ్చింది. మరుసటి ఏడు కొత్త చట్టం కూడా వచ్చింది.

హోస్ట్: తువ్వాలుతో ఉద్యమమా! సరే, ఇల్లు దొరికింది, వెళ్ళారు. ఫొటోలో ఉన్నట్టే ఉందా?

వదిన: అచ్చం ఫొటోలో ఉన్నట్టే ఉంది. కాకపోతే ఫొటోలో గాలి కనపడదు కదా.

హోస్ట్: గాలా?

వదిన: మెల్టెమి అంటారు. ఎండాకాలమంతా ఉత్తరం నుంచి వీస్తుంది. జులై, ఆగస్టుల్లో జోరు ఎక్కువ, సెప్టెంబర్‌లోనూ వదలదు. మేం తీసుకున్నది నౌసా బే వ్యూ ఉన్న ఇల్లు. నౌసా అనే ఊరు దీవికి ఉత్తరాన ఉంది. అంటే ఆ వ్యూ అంతా ఉత్తరం వైపు! పూల్ పక్కన తెల్లటి సోఫాలు, పొడుగాటి టేబులు, అన్నీ ఆ గాలికి ఎదురుగానే. రెండో రోజు అమ్మ అక్కడ పులిహోర వడ్డించింది. పేపర్ ప్లేట్లు ఒకదాని వెనక ఒకటి లేచి వెళ్ళి పూల్‌లో పడ్డాయి. వేరుశెనగ గింజలు మునిగిపోయాయి, కరివేపాకు మాత్రం సాయంత్రం దాకా తేలుతూనే ఉంది.

హోస్ట్: (నవ్వు) అయ్యో! మరి భోజనాలు?

వదిన: ఇంటి వెనక, వంటగది గోడ చాటున. దక్షిణం వైపు మామూలు సిమెంటు అరుగు, పక్కన అంజూర చెట్టు. వారమంతా అక్కడే తిన్నాం. ఊళ్ళో పాత ఇళ్ళు చూస్తే అప్పుడు అర్థమైంది. మందపాటి గోడలు, చిన్న చిన్న కిటికీలు, ఒకదాన్నొకటి ఆనుకుని సన్నటి సందులు. కొండ మీద లెఫ్కెస్ అనే ఊళ్ళో నడుస్తుంటే చెంప మీద గాలే తగల్లేదు. అద్దాల గోడలతో గాలికి ఎదురుగా కట్టేది ఈ కొత్త విల్లాలవాళ్ళే. బుక్ చేసేముందు పూల్ ఏ దిక్కున ఉందో అడగాలి. మనకి వాస్తు ఎలాగూ అలవాటే, ఈసారి గాలి కోసం అడుగుదాం.

హోస్ట్: మీ తమ్ముడు ఒక రోజు ఆలస్యంగా వచ్చాడన్నారు, అదీ ఈ గాలి వల్లేనా?

వదిన: ఆ గాలే. వాళ్ళు డాలస్ నుంచి ఏథెన్స్ వచ్చి, పిరేయస్ రేవులో ఓడ ఎక్కాలి. మామూలు ఓడకి పారోస్ నాలుగు గంటల దారి. గాలి బాగా పెరిగితే రేవు అధికారులు ఓడల్ని కదలనివ్వరు. గాలి జోరుని బోఫోర్ట్ అనే లెక్కలో కొలుస్తారు, మామూలుగా 8 దగ్గర ఆపేస్తారు, హైస్పీడ్ పడవల్ని ఇంకా ముందే. అపగొరెఫ్తికో అంటారు, అంటే నిషేధం. మూడేళ్ళ పిల్లాడితో ఆ రాత్రి పిరేయస్‌లో హోటల్ వెతుక్కున్నారు. ఓడ టికెట్ డబ్బు వెనక్కొచ్చింది. విల్లాలో పోయిన రాత్రికి మాత్రం పైసా రాలేదు, ఒప్పందంలో అలాగే ఉంది. అందుకే రాకకి ఒక రోజు, తిరుగు ప్రయాణానికి ఒక రోజు ఎక్కువ పెట్టుకోవాలి. విమానం ఉన్న రోజే ఓడ దిగుదామనుకుంటే టెన్షన్‌తో చస్తాం.

హోస్ట్: పిల్లాడంటే గుర్తొచ్చింది, పూల్ చుట్టూ కంచె ఉందా?

వదిన: లేదు. ముందే అడగాల్సింది, అడగలేదు. తమ్ముడూ మరదలూ వంతులేసుకుని కాపలా కాశారు, పాపం వాళ్ళకది సెలవే కాదు. ఇక నీళ్ళ సంగతి. ఆ దీవుల్లో వానలు తక్కువ, మా ఇంటికి తొట్టె నీళ్ళే దిక్కు. మూడో రోజు పది మందీ తలంట్లు పోసుకుని, వాషింగ్ మెషీన్ రెండుసార్లు తిప్పేసరికి కుళాయిలో గాలి తప్ప ఏమీ రాలేదు. పక్కనే పూల్ నిండా నీళ్ళు! కేర్‌టేకర్ ఆవిడ ట్యాంకర్ తెప్పించింది. ఇంకా... ఇది చెప్పొచ్చా? బాత్రూముల్లో జెట్ ఉండదు. పేపరు కూడా కమోడ్‌లో వేయకూడదు, పైపులు సన్నం, పక్కన డబ్బాలో వేయాలి. అమ్మ సూట్‌కేస్‌లోంచి ప్లాస్టిక్ మగ్గు తీసినప్పుడు నేను సిగ్గుపడ్డాను. మర్నాటి నుంచి ఆ మగ్గు కోసం క్యూ.

హోస్ట్: (నవ్వు) చెప్పేశారుగా, ఇంకేం! వంట మీరే చేసుకున్నారా? చెఫ్‌ని పిలవచ్చంటారు కదా.

వదిన: ఒక్క రాత్రి, పెళ్లిరోజు విందుకి. మిగతాదంతా అమ్మ ఇష్టంగా తనే చేసింది. కేర్‌టేకర్ ఆవిడ ఒక పొద్దున ఆకుకూర కట్ట తెచ్చి, 'వ్లీత' అంది. ఉడకబెట్టి, నూనె, నిమ్మకాయ పిండుకుని తినాలని సైగలు చేసింది. అమ్మ ఒక కాడ తుంచి, వేలితో పీచు లాగి, "ఇది తోటకూరేనే!" అంది. నిజంగా తోటకూరే. అక్కడి ఫావా అనే వంటకం మన ముద్దపప్పుకి చుట్టం, పసుప్పచ్చ బఠాణీ పప్పుతో చేస్తారు. అమ్మ ఆ పప్పు కొనిపించి, తోటకూర పప్పు చేసి తాలింపు పెట్టింది. ఇంగువ వాసనకి ఆవిడ రెండడుగులు వెనక్కేసింది. తర్వాత గిన్నె పట్టుకుని అరుగు మీద కూర్చుంది. పైన ఆలివ్ నూనె పోసుకుందనుకో, అమ్మ చూడనట్టు ఊరుకుంది.

హోస్ట్: బాబాయిగారు ఏం చేశారు వారమంతా?

వదిన: పారోస్ అంటే పాలరాయి. వీనస్ డి మిలో విగ్రహం ఆ రాతితోనే చెక్కారు. మరాథి అనే చోట పాత గనులున్నాయి, సొరంగాల్లో దీపాలు పట్టుకుని తవ్వేవాళ్ళట. నాన్న మార్కాపురం మనిషి, పలకల ఊరు కదా, అక్కడ రాయి ముక్క ఎండకి పట్టి చూస్తూ గంటసేపు కదల్లేదు.

హోస్ట్: చివరిగా, డిపాజిట్ మొత్తం వెనక్కి వచ్చిందా?

వదిన: 60 యూరోలు పట్టుకున్నారు. వంటగది గట్టు కూడా తెల్ల పాలరాయే. దాని మీద పసుపు మరక, అరచేయంత. నిమ్మకాయతో రుద్దితే రాయి మెరుపు పోయింది గానీ పసుపు పోలేదు. అమ్మ మాత్రం అది మేం రాకముందే ఉందంటుంది.

హోస్ట్: మరి వెళ్ళగానే ఫొటోలు తీసుకోలేదా?

వదిన: తీసుకోకేం! నాన్న దిగీ దిగగానే ఇల్లంతా వీడియో తీశారు, రేపు ఎవరైనా మాటంటే సాక్ష్యం ఉంటుందని. గట్టు దగ్గర ఆగి, దగ్గరగా జూమ్ చేసి, "చూడండి, ఒక్క మరక లేదు" అని ఆయన గొంతుతోనే చెప్పారు.