ఖైదీకి పళ్లెం ఎవరు పట్టుకెళ్తారు? సైన్స్ ఫిక్షన్ సిరీస్‌ల జైలు సీన్లలో లాజిక్

నమస్తే అండి. ఈ వీడియో కథలు రాసేవాళ్ల కోసం. సైన్స్ ఫిక్షన్ వెబ్ సిరీస్ రాద్దామని కూర్చుని, విలన్‌ని పట్టుకోవడం దాకా బాగానే రాసి, పట్టుకున్నాక వాణ్ణి ఎక్కడ పెట్టాలో తెలియక ఆగిపోయినవాళ్ల కోసం. పెన్ను, పేపరు దగ్గర పెట్టుకోండి. చివర్లో ఒక సీన్ కలిసి రాద్దాం.

ముందు ఒక గది చూద్దాం. 2014లో మొదలైన సూపర్ హీరో సిరీస్ 'ది ఫ్లాష్' చూసినవాళ్లకి స్టార్ ల్యాబ్స్ అనే పరిశోధనశాల గుర్తుండే ఉంటుంది. అక్కడ పాడైపోయిన పార్టికల్ యాక్సిలరేటర్ (అణువులకన్నా చిన్న కణాల్ని మహావేగంగా పరిగెత్తించే యంత్రం) సొరంగాన్ని హీరో బృందం జైలుగా మార్చేస్తుంది. అతీత శక్తులున్న వాళ్లను పట్టుకొచ్చి ఒక్కొక్కరినీ ఒక్కో గదిలో పెట్టి తలుపు మూసేస్తారు. ఆ గది లోపల ఏముందో ఒకసారి జాగ్రత్తగా చూడండి. మంచం కనపడదు. కుళాయి కనపడదు. బాత్రూమ్ కనపడదు. ఎపిసోడ్లకు ఎపిసోడ్లు మనుషులు అందులోనే ఉంటారు. బృందంలో ఉన్నదే కొద్దిమంది, వాళ్లకి ఊరిని కాపాడటానికే టైమ్ చాలదు. మరి పూటపూటా పళ్లెం ఎవరు పట్టుకెళ్తున్నారు? తలుపు తీయకుండా లోపలికి ఎలా ఇస్తున్నారు? తీస్తే, ఒళ్లంతా విషవాయువుగా మార్చుకోగల కైల్ నింబస్ ఊరుకుంటాడా?

ఇది చిన్న పొరపాటు అనిపించొచ్చు. నాకు మాత్రం దీని వెనక ఇంకా పెద్ద లోపం కనిపిస్తుంది. హీరో బ్యారీ తండ్రి చేయని హత్యకు ఐరన్ హైట్స్ జైల్లో ఏళ్ల తరబడి మగ్గాడు. ఆ బాధ కళ్లారా చూసి పెరిగిన కొడుకు కోర్టు లేకుండా, కేసు లేకుండా మనుషుల్ని సొరంగంలో బంధిస్తాడు. పైగా అతను పోలీస్ శాఖలో ఫోరెన్సిక్ ఉద్యోగి. ఆ తలుపు ముందు నిలబడినప్పుడు అతనికి నాన్న గుర్తురావాలి కదా? ఒక్క రాత్రి నిద్ర పట్టక వెళ్లి ఆ గాజు ముందు కూర్చున్నట్టు రాసుంటే ఆ సీన్‌కి ఎంత బలం వచ్చేదో ఆలోచించండి. బాత్రూమ్ మర్చిపోయిన రైటర్ ఆ మనిషినీ మర్చిపోయాడని నాకు అనిపిస్తుంది.

అదే సిరీస్‌లో బాగా ఆలోచించిన గది కూడా ఒకటి ఉంది. షానా బేజ్ అనే అమ్మాయికి చూపు ఆనిన చోటికి క్షణంలో మాయమై వెళ్లిపోయే శక్తి ఉంటుంది. ఆమెను పెట్టిన గదికి ఒకవైపు నుంచే కనపడే అద్దం బిగిస్తారు. లోపలినుంచి చూస్తే తన ముఖమే కనపడుతుంది, బయట ఏమీ ఆనదు, కాబట్టి కదల్లేదు. ఖైదీ బలాన్ని బట్టి తాళం అంటే ఇదీ.

సరే, రెండో విషయం. తనిఖీ.

'స్టార్ ట్రెక్: ది నెక్స్ట్ జనరేషన్'లో 1988లో వచ్చిన 'హార్ట్ ఆఫ్ గ్లోరీ' ఎపిసోడ్ తీసుకోండి. కోరిస్, కాన్మెల్ అనే ఇద్దరు క్లింగన్ (వేరే గ్రహానికి చెందిన యుద్ధవీరుల జాతి) యోధులను ఎంటర్‌ప్రైజ్ అనే అంతరిక్ష నౌకలో గదిలో బంధిస్తారు. వాళ్లు తాము వేసుకున్న దుస్తుల్లోంచే ఒక్కొక్క ముక్కా తీసి, కలిపి తుపాకీ తయారు చేసుకుంటారు. చూడటానికి భలే ఉంటుంది ఆ సీన్. చేతులు వేగంగా, మాట లేకుండా పని చేసుకుపోతుంటాయి. కానీ మన పక్కవీధి పోలీస్ స్టేషన్‌లో కూడా లాకప్‌లో వేసే ముందు జేబులు ఖాళీ చేయించి, బెల్టు తీయిస్తారు. 24వ శతాబ్దపు నౌకలో ఎవరికీ ఆ ఆలోచన రాదు.

ఇంకో సంగతి ఉంది. ఆ ఇద్దరూ నౌకలోకి వచ్చింది ట్రాన్స్‌పోర్టర్ ద్వారా, అంటే మనుషుల్ని ఒకచోట మాయం చేసి ఇంకోచోట ప్రత్యక్షం చేసే యంత్రం ద్వారా. ఇదే సిరీస్‌లో 1990లో వచ్చిన 'ది మోస్ట్ టాయ్స్'లో, ట్రాన్స్‌పోర్టర్ మనిషిని తెస్తుండగానే అతని చేతిలో పేలబోతున్న ఆయుధాన్ని గుర్తుపట్టి పనిచేయకుండా చేస్తారు. అంటే 1988 నాటి సీన్‌లో లోపం రెండేళ్ల తర్వాత ఇంకా పెద్దదైంది! సీజన్ 3లో కొత్త టెక్నాలజీ కనిపెట్టేటప్పుడు సీజన్ 1లో తప్పించుకున్న ఖైదీలను ఒకసారి తలుచుకోండి. నేనైతే దానికోసం విడిగా ఒక నోట్‌బుక్ పెట్టుకుంటాను.

పాత 'స్టార్ ట్రెక్' విలన్ ఖాన్ సంగతి ఒక్క మాటలో చెప్పేస్తాను. 1967 నాటి 'స్పేస్ సీడ్'లో ఎవరో ఏమిటో తెలియని మనిషి చేతికి నౌక టెక్నికల్ మాన్యువల్స్ చదువుకోమని ఇస్తారు. దొంగ చేతికి తాళాలిచ్చినట్టే. నౌక అతని వశమైపోతుంది.

ఇప్పుడు తాళం గురించి. ఇక్కడ కాస్త ఆగుదాం, ఎందుకంటే ఎక్కువమంది రైటర్లు జారిపడేది ఇక్కడే.

మీ ఆఫీసులో కార్డు పెడితే తెరుచుకునే గాజు తలుపు చూశారు కదా. చాలా చోట్ల పైన ఒక అయస్కాంతం తలుపుని పట్టుకుని ఉంటుంది. కరెంటు పోయి, బ్యాకప్ కూడా ఆగిపోతే 'టక్'మని వదిలేస్తుంది. నిప్పంటుకుంటే జనం లోపల చిక్కుకోకూడదని అలా పెడతారు. దీన్ని ఫెయిల్ సేఫ్ అంటారు. రెండో రకం ఫెయిల్ సెక్యూర్: కరెంటు పోయినా పడిన గడియ పడినట్టే ఉంటుంది. జైలు గదికి కావాల్సింది ఈ రెండోది. టీవీలో నౌకల్లో మనకు కనిపించేది మెరిసే ఫోర్స్ ఫీల్డ్, అంటే పవర్‌తో నిలబడే శక్తి గోడ. అది ఆఫీసు తలుపు రకం. నౌక మీద దాడి జరిగి పవర్ పోయిందంటే గోడే మాయం! ఇనుప ఊచలకీ పాత తాళంకప్పకీ కరెంటుతో పనే లేదు. ఫోర్స్ ఫీల్డ్ పెట్టాలనుకుంటే పెట్టండి, కానీ దాని వెనక ఒక మామూలు తలుపు ఎందుకు లేదో కథలో కారణం చూపించండి.

కాపలావాళ్ల తుపాకుల గురించి కూడా చెప్పాలి. ఖైదీలను ఎలా చూడాలో చెబుతూ 2015లో ఐక్యరాజ్య సమితి ఆమోదించిన నెల్సన్ మండేలా నియమాల్లో 82వది ఏం చెబుతుందంటే, ఖైదీలతో నేరుగా మెలిగే సిబ్బంది దగ్గర, ప్రత్యేక పరిస్థితుల్లో తప్ప, ఆయుధాలు ఉండకూడదు. కాపలావాడి దగ్గర తుపాకీ ఉంటే అది ఖైదీ చేతికి రావడానికి ఒక్క పెనుగులాట చాలు. మన సీరియళ్లలో తప్పించుకునే ప్లాన్ సగం ఆ పెనుగులాట మీదే నడుస్తుంది.

ఇవన్నీ సరిగ్గా ఆలోచించి రాసిన జైలు ఉందా అని అడిగితే నేను ఒకటే పేరు చెబుతాను. 2022లో వచ్చిన స్టార్ వార్స్ సిరీస్ 'ఆండోర్'లో నార్కినా 5 జైలు. ఏడు అంతస్తులు, అంతస్తుకి ఏడు హాళ్లు, హాలుకి ఏడు బల్లలు, బల్లకి ఏడుగురు. ఖైదీలంతా ఉత్త కాళ్లతో ఉంటారు, ఎందుకంటే నేలే వాళ్ల సంకెల: మీట నొక్కితే కరెంటు పాకుతుంది. అందుకే కాపలావాళ్లు తక్కువ. అంతస్తుకి పన్నెండు మందికి మించరు. అది కూడా ఖైదీలకి చివరిదాకా తెలియదు. శిక్ష పూర్తయి విడుదలైనవాణ్ణి ఇంకో అంతస్తుకి పంపుతున్నారని తెలిసిన రోజున, ఆ అంతస్తులో వందమందిని చంపేస్తారు. ఆ కబురు మిగతావాళ్లకి చేరాక పని బుద్ధిగా చేస్తే ఇంటికెళ్తామన్న నమ్మకం పోతుంది. ఇన్నాళ్లూ వాళ్లని కదలకుండా ఉంచింది కరెంటు కాదు, ఆ నమ్మకమే. హీరో రోజూ బాత్రూమ్‌కి వెళ్లినప్పుడు నీళ్ల పైపుని కొంచెం కొంచెంగా కోస్తూ వస్తాడు. చూశారా, బాత్రూమ్ ఉంది కాబట్టే తప్పించుకునే దారి దొరికింది!

సరే, ఇప్పుడు పెన్ను తీయండి. మన కథలో ఒక నౌక, ఒక ఖైదీ, పేరు భైరవ. కడుపునొప్పి నటించడం, కాపలావాడు లోపలికి రావడం, ఇవి వద్దు. తలుపు కింద పళ్లెం పట్టేంత సందు రాయండి. ఇద్దరు కాపలా, చేతుల్లో తుపాకులు లేవు. పళ్లెం వెనక్కి తీసుకునేటప్పుడు పెద్దాయన చెంచా లెక్క చూసి పలకమీద గీత గీస్తాడు. ఎనిమిది రోజులు ఇలాగే రాయండి, రోజుకి రెండు లైన్లు చాలు. తొమ్మిదో రోజు పెద్దాయన రాలేదు. కొత్త కుర్రాడు వచ్చాడు. పళ్లెం తీసుకున్నాడు, చెంచా లేదు. కుర్రాడు పలక వైపు చూశాడు, గీత గీసేశాడు.

వీడియో ఇక్కడ పాజ్ చేసి, కుర్రాడు ఎందుకు గీశాడో రాయండి.