ఖాళీ టాంకీతోనే అసలు ప్రమాదం

(బరంపురంలో పాత కార్ల యజమానులు, మెకానిక్కులు కలిసిన సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు వచ్చిన పెద్దలకు, షెడ్డు పని మానుకుని వచ్చిన మెకానిక్ సోదరులకు నమస్కారం. ఇటు ఇచ్ఛాపురం నుంచి, అటు పర్లాకిమిడి నుంచి కూడా బళ్లు వేసుకుని వచ్చారు. బయట వరసగా నిలబెట్టిన అంబాసిడర్లని, పద్మినీలని, జీపులని చూస్తే కడుపు నిండిపోయింది. ఉత్తర్‌పారా కర్మాగారంలో అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. పద్మిని అంతకన్నా చాలా ముందే ఆగిపోయింది. ఇక కొత్తది రాదు కాబట్టి ఉన్నవాటినే కాపాడుకోవాలి. ఇంజను గురించి చెప్పమంటే గంటలకొద్దీ చెప్పేవాళ్లు మన ఊళ్లో ఎంతోమంది ఉన్నారు. పెట్రోల్ టాంకీని మాత్రం ఎవరూ పట్టించుకోరు. అది కంటికి కనబడదు, చప్పుడు చెయ్యదు, కారినప్పుడు ఇంత సబ్బు రాసి వదిలేస్తాం. అందుకే ఈ విషయం మీద మాట్లాడమంటే వెంటనే ఒప్పుకున్నాను.

నేను చెప్పదలుచుకున్న ముఖ్యమైన సంగతి ముందే చెప్పేస్తాను. కారుతున్న టాంకీ కన్నా, దించేసి, పెట్రోలంతా వంచేసి, బెంచీ మీద పెట్టిన ఖాళీ టాంకీ ఎక్కువ ప్రమాదం. దీని దగ్గరికి మళ్లీ వస్తాను. దారిలో మిగతావి కూడా చెప్పుకుందాం.

మొదట వాసన సంగతి. వెనక సీట్లో వాళ్లు పెట్రోల్ వాసన వస్తోందని అన్నంత మాత్రాన టాంకీ దించక్కర్లేదు. మూత కింద వాషరు ఎండిపోయినా, పెట్రోల్ పోసే గొట్టం దగ్గర రబ్బరు పగిలినా అదే వాసన. ఫుల్ టాంక్ కొట్టించి తప్తపాణి ఘాట్ రోడ్డు ఎక్కుతుంటేనే వాసన వచ్చి, సగం ఖాళీ అయ్యాక పోతే, లోపం చాలావరకు పైభాగంలో ఉంటుంది. పోసే గొట్టం జాయింటు గానీ, పెట్రోల్ ఎంత ఉందో చూపించే ఫ్లోట్ బిగించిన చోట వాషరు గానీ చూడండి. అడుగున చిల్లి పడితే పావు టాంకీ ఉన్నా, బండి ఇంటి ముందు ఊరికే నిలబడి ఉన్నా కారుతుంది. వాసన ఇంజను వైపు నుంచి వస్తే పెట్రోల్ పంపు చూడాలి. అందులో డయాఫ్రం అనే పలచటి పొర చిరిగితే పెట్రోల్ ఇంజనాయిల్లోకి దిగుతుంది. ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ మట్టం పెరిగి ఉంటుంది, ముక్కు దగ్గర పెట్టుకుంటే సంగతి తెలిసిపోతుంది. ఆ ఆయిల్‌తో బండి తిప్పితే బేరింగులు పాడవుతాయి.

టాంకీయే కారుతోందని తేలాక కూడా, బొట్టు పడుతున్న చోటే చిల్లి ఉందనుకోకండి. పెట్రోల్ అతుకు వెంట పాకి, అన్నిటికన్నా కింద ఉన్న అంచు దగ్గర బొట్టు కడుతుంది. అక్కడ ఎంత మందు రాసినా ఉపయోగం లేదు. గుడ్డతో శుభ్రంగా తుడిచి, ఆరనిచ్చి, అనుమానం ఉన్న మేరంతా ముగ్గుపిండి గానీ సుద్దపొడి గానీ పలచగా అద్దండి. కాసేపు ఆగి చూడండి. తెల్లటి పొడి మీద సన్నటి తడి చార కిందికి దిగి ఉంటుంది. ఆ చారని కిందనుంచి పైకి చూసుకుంటూ పోతే, అది మొదలైన చోట సూదిమొనంత నల్లటి చుక్క కనబడుతుంది. మనం వెతుకుతున్నది అదే. చాలాసార్లు అది టాంకీ పట్టీ కింద దాక్కుని ఉంటుంది. పట్టీకీ రేకుకీ మధ్య మెత్తగా ఉండాలని గోనెపట్టా, నమదా లాంటివి పెడతారు. అవి వాననీళ్లు పీల్చుకుని రోజులకొద్దీ ఆరవు. గోపాల్‌పూర్ వైపు నుంచి వచ్చే ఉప్పుగాలికి ఆ తడి తోడైతే రేకు బయటినుంచే తినేస్తుంది. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను వచ్చినప్పుడు నీళ్లలో నిలబడ్డ బళ్లు ఎవరికైనా ఉంటే, పట్టీ విప్పి ఆ మెత్త కింద ఒకసారి చూడండి. మెత్త మార్చేటప్పుడు మళ్లీ గుడ్డ పెట్టకండి, రబ్బరు షీటు పెట్టండి.

లోపలి తుప్పుది ఇంకో దారి. బండి నెలల తరబడి సగం టాంకీతో నిలబడితే లోపలి గాలిలో ఉన్న చెమ్మ రాత్రిళ్లు చల్లబడి గోడలకి నీరుగా పడుతుంది. నీరు పెట్రోల్ కన్నా బరువు, అడుగుకి చేరి అక్కడే ఉండిపోతుంది. పాత టాంకీల రేకుకి సీసం, తగరం కలిసిన పూత ఉండేది. ఆ పూత పోయిన చోట తుప్పు మొదలవుతుంది. ఇప్పుడు పెట్రోల్లో ఇథనాల్ అనే ఆల్కహాల్ కూడా ఉంది. మన దేశంలో కలిపేది 2022 నాటికి 10 శాతం, 2025 నాటికి 20 శాతం అయింది. ఇథనాల్ నీటిని తనలోకి లాక్కుంటుంది. నీరు మరీ ఎక్కువైతే రెండూ కలిసి పెట్రోల్ నుంచి విడిపోయి అడుక్కి దిగిపోతాయి. పాత రబ్బరు పైపులని, కార్కు వాషర్లని కూడా ఇది మెత్తబరుస్తుంది. చాలా బళ్లలో టాంకీ బాగానే ఉండి పైపే కారుతోంది. ఇథనాల్‌కి తట్టుకునే పైపులు దొరుకుతున్నాయి, కాస్త ఖరీదైనా అవే వేయించండి. బండిని వారానికి ఒకసారైనా నాలుగు కిలోమీటర్లు తిప్పడం, పెట్రోల్ నెలలకొద్దీ నిలవ ఉంచకపోవడం అన్నిటికన్నా మంచి మందు.

దారిలో కారడం మొదలైతే ఏం చేయాలి? బండి ఖాళీ చోటికి తీసి ఆపెయ్యండి. ఇంజను కట్టేసి, మనుషులని దింపి, బీడీలు, సిగరెట్లు దూరం పెట్టండి. సబ్బు మీ అందరికీ తెలిసిందే. ఎండు సబ్బుబిళ్ల తీసుకుని చిల్లి మీద గట్టిగా రుద్దితే చాలాసార్లు కారడం ఆగుతుంది, ఎందుకంటే పెట్రోల్‌కి సబ్బు కరగదు. నీళ్లకి కరుగుతుంది. అంటే వాన పడిందా, సబ్బు పోయిందన్నమాటే. అది ఇల్లు చేరడానికి పనికొచ్చే ఉపాయం, అంతే. పెట్రోల్ తడి మీద ఎం-సీల్ పట్టదు. పైన తుడిచి వేసినా లోపలినుంచి ఊరుతూనే ఉంటే అది ఊడొస్తుంది.

షెడ్డుకి చేరాక, బండి కింద పని చేయడానికి తవ్విన గోతి మీద బండిని పెట్టకండి. పెట్రోల్ ఆవిరి గాలి కన్నా మూడు నాలుగు రెట్లు బరువు. అది పైకి పోదు, నేల వెంట పాకి గోతిలో నిండుతుంది. ఆ గోతిలోకి కుర్రాడు బల్బు పట్టుకుని దిగుతాడు. ఎక్కడో పది అడుగుల దూరంలో స్విచ్ వేసినా నిప్పు అక్కడినుంచి వెనక్కి పరిగెత్తుకుని రాగలదు. పని ఆరుబయట చేయండి. గాలి ఆడనిచ్చి, బ్యాటరీ నెగెటివ్ తీగ విప్పేశాకే మిగతాది ముట్టుకోండి.

పెట్రోల్ తీసేటప్పుడు గొట్టం పెట్టి నోటితో పీల్చడం మన షెడ్లలో అలవాటు. దయచేసి ఈ రోజుతో మానిపించండి. కొద్దిగా ఊపిరితిత్తుల్లోకి పోయినా అక్కడ కాలినట్టు అవుతుంది, ప్రాణం మీదికి వస్తుంది. ఎవరైనా మింగితే వాంతి చేయించకండి, ఎందుకంటే వచ్చేటప్పుడు మళ్లీ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లండి. చిన్న చేతిపంపు ఉంటే ఈ బాధే లేదు. ప్లాస్టిక్ బకెట్టులోకి కూడా తీయకండి. పెట్రోల్ జారుతుంటే పుట్టే కరెంటు అందులో నిలవ ఉండి నిప్పురవ్వ కొడుతుంది. ఇనప డబ్బా తీసుకుని, బండి బాడీకీ డబ్బాకీ ఒక తీగ క్లిప్పులతో కలపండి.

ఇప్పుడు ఖాళీ టాంకీ. గాలిలో పెట్రోల్ ఆవిరి 1.4 శాతం నుంచి 7.6 శాతం దాకా ఉంటేనే అంటుకుంటుంది. నిండా ఉన్న టాంకీలో పైన ఉన్న ఆవిరి మరీ చిక్కగా ఉంటుంది, అంటుకోవడానికి చాలినంత గాలి ఉండదు. వంచేసిన టాంకీలోకి గాలి వచ్చి చేరుతుంది, అప్పుడు కలయిక సరిగ్గా ఆ లెక్కలో పడుతుంది. అంబాసిడర్ టాంకీ అంత పెద్దదానికి ఒక చెంచాడు పెట్రోల్ ఆవిరైతే సరిపోతుంది. ఆ చెంచాడు ఎక్కడ ఉంటుందో తెలుసా? తుప్పు పొరల్లో, అతుకు మడతలో, లోపలి అడ్డపలకల వెనక. నీళ్లతో రెండుసార్లు కడిగి, వాసన లేదని గ్యాస్ వెల్డింగ్ పెడతారు. మంట వేడికి మడతలో దాగిన పెట్రోల్ అప్పుడు ఆవిరవుతుంది. టాంకీ పేలిందని ఎప్పుడు విన్నా వెల్డింగ్ దగ్గరే విన్నాను. యజమానులకి నా మనవి: మీ టాంకీ సాయంత్రానికి కావాలని మేస్త్రిని తొందరపెట్టకండి. ఆ తొందరలో నష్టపోయేది అతని పక్కన టాంకీ పట్టుకుని నిలబడ్డ పిల్లవాడు.

వేడినీళ్లు, బట్టల సబ్బుతో బాగా కడిగి, చాలాసేపు నీటి ఆవిరి పట్టించాలి. అప్పుడు కూడా మామూలు షెడ్డులో గ్యాస్ మంట వద్దనే నా మాట. చిన్న చిల్లికి టంకం చాలు. టాంకీని చిల్లి దగ్గరిదాకా నీళ్లతో నింపి, బరువైన రాగిమొన ఉన్న టంకం ఐరన్‌ని దూరంగా వేరే చోట కాల్చి తెచ్చి పెట్టాలి. మంట టాంకీ దగ్గరికి రాకూడదు. ముందు రేకు మెరిసేదాకా గీకాలి, జింకు వేసి చంపిన, అంటే జింకు ముక్కలు కరిగించి తీవ్రత తగ్గించిన, యాసిడ్ రాయాలి, పని అయ్యాక సోడా పొడి కలిపిన నీళ్లతో కడగాలి. యాసిడ్ మిగిలితే టంకం పక్కనే మళ్లీ తుప్పు లేస్తుంది. పెద్ద అతుకు వెయ్యాల్సి వస్తే లోపల గాలి బదులు కార్బన్ డయాక్సైడ్ లాంటిది నింపి పని చేసే చోటికే పంపండి.

అతుకు వేసే ముందు రేకు బలం చూడండి. మొనదేలిన పనిముట్టుతో చిల్లి చుట్టూ నొక్కితే, గట్టి రేకు తట్టుకుంటుంది, చచ్చిన రేకు పిప్పిలా లోపలికి పోతుంది. అలాంటి అడుక్కి లోపల మందు పూసి మోసపోవడం కన్నా, టింకరింగ్ మేస్త్రి చేత అడుగు రేకు మొత్తం మార్పించడమే నయం. మార్చేటప్పుడు లోపలి అడ్డపలకలు తప్పకుండా వేయించండి, లేకపోతే బ్రేకు కొట్టినప్పుడల్లా పెట్రోలంతా ఒక పక్కకి విసురుతుంది. లోపలి పూత వేయించేవాళ్లు అది ఇథనాల్‌కి తట్టుకుంటుందో లేదో అడిగి మరీ కొనండి. తట్టుకోనిది పొరలు పొరలుగా లేచి కార్బురేటర్ దాకా పోతుంది.

పరీక్ష చేసేటప్పుడు కంప్రెసర్ గాలి పెట్టకండి. టాంకీ టైరు కాదు, రెండు మూడు పౌండ్లు దాటితే అతుకులు ఉబ్బుతాయి. సైకిలు పంపుతో కొద్దిగా గాలి పెట్టి, సబ్బునురగ పూసి బుడగలు చూడండి. బండికి ఎక్కించాక మొదట ఐదు లీటర్లు పోసి, కింద పొడి అట్ట పరిచి రాత్రంతా వదిలెయ్యండి. ఫిల్టరు మొదటి వారంలోనే మార్చాలి, లోపల మిగిలిన తుప్పు అంతా అందులోకే వస్తుంది. జీపుల వాళ్లు ఇంకాస్త శ్రద్ధ పెట్టాలి. మీ టాంకీ డ్రైవరు సీటు కిందే ఉంటుంది.

షెడ్డులో పొడి రకం మంటలార్పే సిలిండరు, ఇసుక బకెట్టు ఉండాలి. పెట్రోల్ మంట మీద నీళ్లు పోస్తే మంట నీళ్ల మీద తేలి నాలుగు పక్కలా పాకుతుంది. ఫైరింజనుకి 101, లేదా 112.

భోజనాలకి ముందు బయట చెట్టు కింద కడిగి ఆవిరి పట్టించిన ఒక పద్మిని టాంకీకి సైకిలు పంపు పెట్టి బుడగలు ఎలా చూడాలో చూపిస్తాను. అగ్గిపెట్టెలు ఇక్కడే బల్ల మీద పెట్టి రండి. కుర్రాళ్లని ముందు వరసలో నిలబెట్టండి.