బతికి ఉన్నాడా అని అడుగుతారు, ఎలా ఉన్నాడని అడగరు

(తెర మీద: జనసేవా కేంద్రం. వేలిముద్ర యంత్రం మీద ఒక పెద్దాయన వేలు. పచ్చ దీపం వెలుగుతుంది.)

నవంబరులో ఒడిశాలోని పర్లాకిమిడిలో గానీ బరంపురంలో గానీ జనసేవా కేంద్రానికి వెళ్లి చూడండి. పెన్షనుదారుల వరుస కనిపిస్తుంది. అందులో మిలటరీలో పనిచేసి వచ్చిన మన తెలుగువారూ ఉంటారు. వేలిముద్ర వేయగానే జీవన ప్రమాణ పత్రం తయారై, ‘స్పర్శ్’ అనే పెన్షన్ వ్యవస్థలోకి, అంటే ప్రయాగ్‌రాజ్‌లోని రక్షణ పెన్షన్ల కార్యాలయానికి చేరుతుంది. ఇంకో ఏడాది దాకా పెన్షనుకు ఢోకా లేదు.

ఆ వేలిముద్రతో ప్రభుత్వానికి తెలిసేదల్లా మనిషి బతికి ఉన్నాడని. మోకాళ్లు ఎలా ఉన్నాయి, అప్పులు ఉన్నాయా, రాత్రి నిద్ర పడుతోందా, రెండో ఉద్యోగం దొరికిందా అని ఆ యంత్రం అడగదు. మరి ఇంకెవరైనా అడుగుతున్నారా? ఈ వీడియోలో చూడబోయేది అదే.

(తెర మీద: వేర్వేరు ఊళ్లలో వేర్వేరు ఫైళ్లు.)

మాజీ సైనికుడి వివరాలు ప్రభుత్వం దగ్గర లేవని కాదు. చాలా చోట్ల ఉన్నాయి, తిప్పలు అక్కడే. సర్వీసు చరిత్ర రికార్డ్స్ ఆఫీసులో ఉంటుంది. పెన్షన్ సంగతి ప్రయాగ్‌రాజ్‌లో. జబ్బులు, మందులు 2003లో మొదలైన ఈసీహెచ్ఎస్ వైద్య పథకం దగ్గర. రెండో ఉద్యోగం ఢిల్లీలోని పునరావాస డైరెక్టరేట్ దగ్గర. వీటి కోసమని 2004లో రక్షణ శాఖ కింద మాజీ సైనికుల సంక్షేమ విభాగం కూడా ఏర్పడింది. కానీ ఈ పుస్తకాలన్నీ ఒకచోట పెట్టి, ఫలానా ఏడాది బయటికి వచ్చినవారు ఐదేళ్ల తర్వాత ఎలా ఉన్నారని చెప్పే నివేదిక ఏటా వెలువడదు.

ఊరికి దగ్గరగా ఉండేది జిల్లా సైనిక్ బోర్డు. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగి వచ్చిన సిపాయిల బాగోగులు చూడాలన్న ఆలోచనతో పుట్టిన వ్యవస్థ ఇది. సైన్యం నుంచి వచ్చేటప్పుడు ఇచ్చే డిశ్చార్జి బుక్ పట్టుకుని వెళ్లి అక్కడ పేరు రాయించుకుంటేనే గుర్తింపు కార్డు వస్తుంది, లెక్కలోకీ వస్తారు. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు, ఇక్కడ అది అక్షరాలా నిజం. పెన్షన్ లేక, 65 ఏళ్లు దాటి, పూట గడవని మాజీ సైనికులకు నెలనెలా ఇచ్చే సాయాన్ని 2025 నవంబరు నుంచి 4,000 నుంచి 8,000 రూపాయలకు పెంచారు. మంచి పనే. అయితే దరఖాస్తు చేసినవారే ప్రభుత్వం కంటికి కనిపిస్తారు. చేయలేనంత నీరసపడినవారు కనిపించరు. అసలు చూడవలసింది వారినే కదా!

(తెర మీద: మ్యాపు. మహేంద్రతనయ నదికి ఒక పక్క పర్లాకిమిడి, కాస్త దూరంలో పాతపట్నం.)

సరిహద్దులో ఉన్నందుకు మనకు ఇంకో చిక్కు. గజపతి జిల్లా కుర్రవాడు గోపాల్‌పూర్ రిక్రూటింగ్ ఆఫీసు ద్వారా సైన్యంలో చేరాడనుకుందాం. రికార్డులో చిరునామా ఒడిశా. రిటైరయ్యాక పిల్లల చదువులకని విశాఖలో కాపురం పెడతాడు. నమోదు మార్పించుకోకపోతే మనిషి అక్కడ, పేరు ఇక్కడ. రాష్ట్ర ప్రభుత్వాలిచ్చే రాయితీలు స్థానికతను బట్టి వస్తాయి గనుక, రెండు పక్కలా ‘మీరు మా లెక్కలో లేరు’ అనిపించుకునే అవకాశం ఉంది. పాతపట్నంలో ఇల్లు, పర్లాకిమిడిలో దుకాణం ఉన్న కుటుంబాలకు ఇది చెప్పనక్కరలేదు.

ఇక ఉద్యోగాలు. కేంద్ర ప్రభుత్వంలో గ్రూప్ సి పోస్టుల్లో 10 శాతం, గ్రూప్ డి పోస్టుల్లో 20 శాతం మాజీ సైనికులకు కేటాయించారు. ఆ కోటా నిండడం లేదని పార్లమెంటులో ఇచ్చిన జవాబులే చెబుతాయి. సిపాయి ముప్పై అయిదు, నలభై ఏళ్లకే ఇంటికి వస్తాడు. పిల్లలు అప్పుడే హైస్కూలుకు వచ్చి ఉంటారు. చాలామంది బ్యాంకు గేటు దగ్గరో, గోదాము దగ్గరో సెక్యూరిటీ డ్యూటీలో చేరతారు. ఆ జీతమెంత, ఆ ఉద్యోగం ఎన్నాళ్లు నిలిచిందన్నది ఏ పుస్తకంలోనూ ఎక్కదు.

(తెర మీద: మూడు దేశాల జెండాలు.)

బయట ఎలా చేస్తున్నారో ఒకసారి చూద్దాం. అమెరికా సెన్సస్ బ్యూరో సైన్యం రికార్డులను, రాష్ట్రాల దగ్గరున్న జీతాల రికార్డులను జతచేసి, సర్వీసు వదిలిన 1, 5, 10 ఏళ్లకు ఎవరు ఎంత సంపాదిస్తున్నారో లెక్కగడుతుంది. పేర్లు బయటపెట్టదు. సైన్యంలో చేసిన పనిని బట్టి మొత్తాలు మాత్రం ప్రచురిస్తుంది. మాజీ సైనికుల ఆత్మహత్యల మీద అక్కడ ఏటా నివేదిక వస్తుంది. మన నేర గణాంకాల సంస్థ పట్టికలో ‘రిటైరైనవారు’ అనే వరుస ఉంటుంది, అందులో సైనికుడెవరో గుమాస్తా ఎవరో తెలియదు. ఇంగ్లండ్, వేల్స్ 2021 జనాభా లెక్కల్లో మొదటిసారిగా ‘సైన్యంలో పనిచేశారా’ అని అడిగితే, పద్దెనిమిదిన్నర లక్షల మంది తేలారు. కెనడా కూడా అదే ఏడాది, యాభై ఏళ్ల తర్వాత మళ్లీ ఆ ప్రశ్న పెట్టింది.

మన 2011 జనాభా లెక్కల ఫారంలో పనిచేయనివారికి ‘పెన్షనరు’ అనే గడి ఉంది. ఏ పెన్షన్ అన్నది లేదు.

(తెర మీద: చిలికా సరస్సు. నౌకాదళ శిక్షణ కేంద్రం బోర్డు.)

ఇన్నాళ్లూ ఎలాగో నడిచింది, ఎందుకంటే పెన్షన్ అనే దారం ఒకటి ఉంది. ఏడాదికోసారయినా మనిషి కనిపిస్తాడు. అగ్నివీరుల దగ్గర ఆ దారమే లేదు. 2022 జూన్ 14న ప్రకటించిన అగ్నిపథ్ పథకం కింద సైన్యంలో చేరినవారు వీరు. నాలుగేళ్ల సర్వీసు, 25 శాతం మందికి కొనసాగింపు, మిగిలినవారికి సుమారు 11.71 లక్షల సేవా నిధి. పెన్షన్ లేదు, మాజీ సైనికుడి హోదా లేదు. డబ్బు ఖాతాలో పడ్డాక ప్రభుత్వానికీ అతనికీ మధ్య ఏటా కలిసే పని ఏదీ మిగలదు. వారి ముందుదారిని సమన్వయం చేసే బాధ్యత 2025లో హోంశాఖకు ఇచ్చారు, కేంద్ర బలగాల్లో కోటా పెట్టారు. వాటిలో చేరినవారి సంఖ్య తెలుస్తుంది, చేరనివారి సంగతే తెలియదు.

నౌకాదళం మొదటి అగ్నివీరులు మన పక్కనున్న ఐఎన్ఎస్ చిల్కాలోనే 2022 చివర శిక్షణ మొదలుపెట్టారు. అంటే 2026 చివరికి వారి నాలుగేళ్లు నిండుతాయి. జనాభా లెక్కల వారు 2027 ఫిబ్రవరిలో ఇంటింటికీ వస్తారు. ఇరవై అయిదు కూడా దాటని కుర్రవాడు ‘నిరుద్యోగి’ గడిలోకి వెళితే, అతను సైన్యం నుంచి వచ్చాడన్న సంగతి అక్కడితో పోతుంది.

దీనికి పెద్ద చట్టమేమీ అక్కరలేదని నా అభిప్రాయం. సేవా నిధి అందుకున్నవారి జాబితా ప్రభుత్వం దగ్గరే ఉంది, ప్రావిడెంట్ ఫండు ఖాతాలూ ఉన్నాయి. పేర్లు తీసేసి రెండింటినీ ఏడాదికోసారి కలిపి చూడవచ్చు. ఇది నిఘా అవుతుందన్న భయం ఉంటే 2023 వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఎలాగూ ఉంది. జిల్లా సైనిక్ బోర్డు అగ్నివీరులకని విడిగా ఒక రిజిస్టరు తెరిచి, అందులో శాశ్వత చిరునామా పక్కనే ప్రస్తుత చిరునామాకూ ఒక గడి పెడితే, మన సరిహద్దు ఊళ్ల పిల్లలు ఏదో ఒక రాష్ట్రం లెక్కలోకి తప్పకుండా వస్తారు.