కాటాలో వేయడం, కాటాలోంచి తీయడం

నమస్తే అండి. నిన్న పొద్దున్నే విశాఖలో ఎంవీపీ కాలనీ రైతు బజారుకి వెళ్లాను. అర కిలో వంకాయలు అడిగితే ఆ అమ్మ కాటా మీద ముందు ఐదు కాయలే వేసింది. అంకె 370 దగ్గర ఆగింది. ఒక కాయ వేసింది, 430. ఇంకొకటి వేసింది, 490. బుట్టలో వెతికి ఒక బుల్లి కాయ తీసి పైన పెట్టింది, 520. "ఇంద బాబూ" అంటూ రెండు రెబ్బలు కరివేపాకు కూడా సంచిలో పడేసింది.

పక్క కొట్టాయన అదే అర కిలోకి దోసిలి నిండా పోశాడు. 640 చూపించింది. ఇక ఒక్కొక్క కాయా తీసి వెనక్కి వేస్తుంటే కొనే ఆవిడ చూపు ఆ కాయల వెంటే వెళ్తోంది. "ఆ లేత కాయ తీసేస్తావేంటయ్యా, ఉంచు" అంది. ఆయన తూకంలో మోసం చేయలేదు, అర కిలోకి కాస్త ఎక్కువే ఇచ్చాడు. అయినా ఆవిడ మొహం ముడుచుకునే వెళ్లింది. నేను మాత్రం ఏదో లాభం వచ్చినట్టు సంతోషంగా ఇంటికొచ్చాను.

నేను యాప్‌లు, వెబ్‌సైట్లు డిజైన్ చేసే పనిలో ఉన్నాను. మేం మీటింగుల్లో గంటలకొద్దీ వాదించుకునే విషయం ఆ కాటా మీద అర నిమిషంలో తేలిపోయింది. చేతికొచ్చినట్టే వచ్చి పోయినదాని బాధ, అంతే విలువైనది దొరికితే కలిగే సంతోషం కంటే పెద్దది. దీన్ని లాస్ అవర్షన్ అంటారు. డేనియల్ కానమన్, ఏమస్ ట్వర్‌స్కీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లో తమ ప్రాస్పెక్ట్ థియరీలో దీన్ని వివరించారు. 2002లో కానమన్‌కి ఎకనామిక్స్‌లో నోబెల్ వచ్చింది. ట్వర్‌స్కీ అప్పటికే, 1996లో, చనిపోయారు.

ఇలాంటి వాటినే కాగ్నిటివ్ బయాస్‌లు అంటారు. మనకి తెలీకుండానే మనసు ఒకవైపుకి ఒరిగిపోతుంది కాబట్టి నేను వాటిని మనసు మొగ్గులు అంటాను. చదువుకున్నవాళ్లకీ ఉంటాయి, నాకూ ఉన్నాయి.

ఇక ఆ కరివేపాకు సంగతి. మనం కొసరు అంటాం కదా. కొసరు ఎప్పుడూ చివర్లోనే పెడతారు, గమనించారా? 1993లో కానమన్ బృందం ఒక ప్రయోగం చేసింది. మనుషుల చేత 14 డిగ్రీల చల్లటి నీళ్లలో 60 సెకన్లు చెయ్యి పెట్టించారు. ఇంకోసారి అవే 60 సెకన్లు, ఆపైన మరో 30 సెకన్లు పెట్టించారు. ఆ చివరి 30 సెకన్లలో మాత్రం నీళ్లని మెల్లగా 15 డిగ్రీలకి తెచ్చారు. మళ్లీ ఏది చేస్తారని అడిగితే ఎక్కువ మంది రెండోదే కోరుకున్నారు! మొత్తం బాధ అందులోనే ఎక్కువ. కానీ ముగింపు కాస్త తేలిగ్గా ఉంది, మనసులో అదే మిగిలింది.

నాకు ఇది వినగానే ఆసుపత్రులు గుర్తొస్తాయి. వైద్యం బాగా జరుగుతుంది, నర్సులు బాగా చూసుకుంటారు. ఆఖరి రోజు పొద్దున్న తొమ్మిదికి డిశ్చార్జ్ అంటారు. బిల్లు కౌంటర్, ఇన్సూరెన్స్ కౌంటర్, మందుల కౌంటర్, మళ్లీ బిల్లు కౌంటర్. పేషెంటు బట్టలు మార్చుకుని మంచం అంచున కూర్చుని ఉంటాడు. సాయంత్రం నాలుగింటికి బయటపడతారు. ఏడాది తర్వాత ఆ ఇంట్లోవాళ్లని అడగండి, ఆ మధ్యాహ్నం గురించే చెబుతారు. లాబీలో కొత్త సోఫాలు వేయడానికి పెట్టే డబ్బు ఆ ఒక్క మధ్యాహ్నం మీద పెడితే ఎంత బాగుంటుందో అనిపిస్తుంది నాకు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. అదే అమ్మ అర కిలోకి 450 గ్రాములే తూచి, పైన కరివేపాకు పెట్టిందనుకోండి. నేను అప్పుడూ సంతోషంగానే ఇంటికొచ్చేవాడిని. కొసరు అంత బలమైనది, తూకంలో పోయినదాన్ని కూడా కప్పేస్తుంది. అందుకే డిజైన్ చేసేవాళ్లని నేను ముందు అడిగేది తూకం గురించి. కొసరు సంగతి ఆ తర్వాతే.

తూకం తప్పితే ఎలా ఉంటుందో మా ఇంట్లోనే చూశాను. అమ్మ రాజమండ్రి వెళ్లడానికి ఫోన్లో బస్సు టికెట్ తీస్తోంది. అది ఏ యాప్ అన్నది ఇక్కడ అనవసరం. చివరి స్క్రీన్‌కి వచ్చేసరికి టికెట్ ధర ముందు చూపించిన దానికంటే పెరిగింది. కిందికి జరిపి చూస్తే ఇన్సూరెన్స్ దగ్గర ముందే టిక్ పెట్టి ఉంది. అది తీసేయబోతే "వద్దు, ప్రమాదం జరిగితే నేనే చూసుకుంటాను" అన్న మాట మీద నొక్కమంటోంది. అమ్మ వేలు గాల్లోనే ఆగిపోయింది. "ఏరా, ఇది నొక్కితే ఏమన్నా అవుతుందేమోరా" అంది. ప్రయాణానికి ముందు పెద్దవాళ్లు అశుభం మాట అనరు కదా. ఆ భయం మీదే ఎవరో కూర్చుని ఆ బటన్ రాశారు. నా వృత్తిలోవాళ్లే. ఆ రోజు నాకు నిజంగా సిగ్గేసింది.

ఇలాంటివాటికి డార్క్ ప్యాటర్న్ అనే పేరు పెట్టింది హ్యారీ బ్రిగ్నల్ అనే డిజైనర్, 2010లో. మన దేశంలో కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ 2023 నవంబర్ 30న వీటిని అడ్డుకోవడానికి మార్గదర్శకాలు ఇచ్చింది, అందులో 13 రకాలున్నాయి. అడక్కుండా బిల్లులో వస్తువు చేర్చడం ఒకటి, వద్దన్నవాళ్లని భయపెట్టడం, సిగ్గుపడేలా చేయడం ఇంకొకటి. మీకు ఇలాంటిది ఎదురైతే 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు చేయొచ్చు.

అయితే ముందే టిక్ పెట్టి ఉంచడం తప్పా అంటే, నేను తప్పనను. చాలా ఫారాల్లో ఏదో ఒకటి ముందే పెట్టి ఉంటుంది. చాలామంది దాన్ని మార్చరు, అదీ మొగ్గే. 2003లో ఎరిక్ జాన్సన్, డేనియల్ గోల్డ్‌స్టీన్ అనే పరిశోధకులు అవయవదానం మీద రాసిన వ్యాసంలో లెక్కలు చూడండి. ఇస్తానని ప్రజలే ముందుకొచ్చి చెప్పాల్సిన జర్మనీలో సమ్మతి 12 శాతం. వద్దని చెప్పకపోతే ఒప్పుకున్నట్టే లెక్కేసే ఆస్ట్రియాలో 99.98 శాతం. ఇది కాగితం మీది సమ్మతి మాత్రమే, నిజంగా జరిగే అవయవ మార్పిడులకి ఆసుపత్రులు, సిబ్బంది, కుటుంబం ఒప్పుకోలు అన్నీ కావాలి. కానీ ఒక్క టిక్ ఎంత బరువైనదో చూశారు కదా. అంత బరువున్నదాన్ని ఎవరి మేలుకి వాడుతున్నాం అన్నది మాత్రం పూర్తిగా మన చేతిలో ఉంది.

మేలుకి వాడినవాళ్లలో నాకు బాగా ఇష్టమైంది ఆర్థికవేత్తలు రిచర్డ్ థేలర్, ష్లోమో బెనార్ట్జీల పొదుపు పథకం. రిటైర్మెంట్‌కి దాచుకోవాలని అందరికీ ఉంటుంది. కానీ ఈ నెల జీతంలో కోత పడుతుందంటే ఎవరూ ఒప్పుకోరు, కాటాలోంచి కాయ తీసినట్టు ఉంటుంది. అందుకని వాళ్లు ఉద్యోగులతో ఏమన్నారంటే, ఇప్పుడేమీ కట్టకండి, జీతం పెరిగినప్పుడల్లా ఆ పెరిగినదాంట్లోంచి కొంత పొదుపులోకి వెళ్తుంది, ఇష్టం లేకపోతే ఎప్పుడైనా మానేయొచ్చు అని. చేతికొచ్చే జీతం ఎప్పుడూ తగ్గదు. వాళ్లు 2004లో అచ్చేసిన వ్యాసం ప్రకారం, చేరినవాళ్ల పొదుపు 40 నెలల్లో జీతంలో 3.5 శాతం నుంచి 13.6 శాతానికి పెరిగింది.

ఇందులో నాకు నచ్చింది ఆ అంకె కంటే ఇంకొకటి. ఏం చేస్తున్నారో ముందే చెప్పేశారు. "మీకు కోత అంటే కష్టం, అందుకే ఇలా పెట్టాం" అని చెప్పినా ఎవరూ పారిపోరు. మరి ఆ బస్సు యాప్‌వాళ్లు మా అమ్మతో "మీరు అశుభానికి భయపడతారని ఆ మాట రాశాం" అని చెప్పగలరా?

మొగ్గుల గురించి విశాఖవాళ్లకి వేరే చెప్పక్కర్లేనిది ఒకటుంది. 2014 అక్టోబర్ 12, హుద్‌హుద్ తుఫాను. అంతకుముందు ఓడరేవులో ఫలానా నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారంటే పేపర్లో చదివి పక్కన పెట్టేసేవాళ్లం. ఆ ఆదివారం తర్వాత మాత్రం తుఫాను అన్న మాట వినగానే కొవ్వొత్తులు, పాలు, నీళ్లు, ఫోన్ చార్జింగ్. కళ్ల ముందు మెదిలేదాన్నే మనసు ఎక్కువ నమ్ముతుంది. కాబట్టి హెచ్చరిక మెసేజ్ రాసేవాళ్లు "హుద్‌హుద్ అంత గాలి" అని రాస్తే ఊరంతా కదులుతుంది. నిజంగా అంత గాలి వచ్చేటప్పుడు అలా రాయాలి కూడా. కానీ ప్రతి అల్పపీడనానికీ అదే మాట వాడితే నాన్నా పులి కథే అవుతుంది. ఫిషింగ్ హార్బర్ నుంచి వేటకెళ్లే మనిషికి ఆ మెసేజ్ మీద నమ్మకం పోతే ఏమవుతుందో ఆలోచించండి.

ఈ మధ్య మా దగ్గరికి ఒక చిన్న క్లినిక్ బుకింగ్ పేజీ పని వచ్చింది. "ఇంకా 2 స్లాట్లే ఉన్నాయి అని ఎర్రగా వెలిగేలా పెట్టండి" అన్నారు. నిజంగా ఎన్ని ఉన్నాయని అడిగాను. ఆ సాయంత్రానికి 11 ఉన్నాయి. ఒంట్లో బాగాలేక టెన్షన్‌లో ఉన్న మనిషిని తొందరపెట్టడానికి నాకు మనసొప్పలేదు. రెండు రోజులు వాదించుకున్నాం. చివరికి ఉన్న అంకే చూపిద్దామని ఒప్పుకున్నారు. రెండే మిగిలిన రోజు 2 అని ఉంటుంది, అప్పుడు తొందరపడటంలో అర్థం ఉంది. డాక్టర్ గారు ఆలస్యంగా నడుస్తుంటే ఎన్ని నిమిషాలో కూడా అక్కడే కనిపిస్తుంది, గాజువాక నుంచి వచ్చేవాళ్లు దాన్ని చూసుకుని బయల్దేరతారు.

ఇంకొకటి కూడా చేశాం. చూపించుకుని ఇంటికి వెళ్లాక పేషెంటుకి తెలుగులో ఒక మెసేజ్ వస్తుంది: ఏ మాత్ర తినకముందు, ఏది తిన్నాక, ఎన్ని రోజులు. దాంట్లో ప్రకటన లేదు, రేటింగ్ ఇవ్వమని అడగడం లేదు. మా టీమ్‌లో ఆ మెసేజ్‌ని కరివేపాకు అంటున్నాం.