గర్భసంచి తీయించుకునే ముందు ఐదు నిమిషాలు

అందరికీ నమస్కారమండి. నేను కోనసీమలో పీహెచ్‌సీల్లో చాలా ఏళ్ళు స్టాఫ్ నర్సుగా చేశాను. ఇవాళ గర్భసంచి ముఖద్వారానికి వచ్చే క్యాన్సర్ గురించి, అది రాకముందే చేయించుకోవాల్సిన పరీక్ష గురించి మాట్లాడతాను. పక్కన మగవాళ్ళు ఉన్నారని రేడియో సౌండు తగ్గించేయకండి, వాళ్ళు కూడా వినాల్సిన సంగతేనండి ఇది.

మన డెల్టాలో ఆడవాళ్ళ పని ఎలా ఉంటుందో మీకు తెలుసు, ఊడ్పులప్పుడు రోజంతా వంగి ఉంటారు, కొబ్బరి పీచు దగ్గర గంటలు గంటలు కూర్చుంటారు, రొయ్యల షెడ్డులో ఐసు నీళ్ళలో చేతులు పెట్టి నిలబడి ఒలుస్తారు. నడుం లాగేస్తుంది, తెల్లబట్ట అవుతుంది, ఎవరికీ చెప్పుకోరు. ఎప్పటికో ఓపిక నశించి ఏదో ఒక ఆస్పత్రికి వెళ్తే స్కానింగ్ తీసి "సంచి వాచిందమ్మా, పుండు పడింది, ఉంచుకుంటే క్యాన్సర్ అవుద్ది" అంటారు. ఇక ఆ మాట విన్నాక ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టదండి.

అలా వచ్చిన ఒక వదిన నాకు బాగా గుర్తు. 33 ఏళ్ళు, ఇద్దరు పిల్లలు. డ్వాక్రాలో లోను తీసుకుంది, చాలక చెవి దిద్దులు తాకట్టు పెట్టింది, సంచి తీసే ఆపరేషన్‌కి డేటు కూడా ఇచ్చేశారు, రక్తం తక్కువుందంటే ఐరన్ మాత్రల కోసం మా దగ్గరకొచ్చింది. "క్యాన్సర్ పరీక్ష చేశారామ్మా?" అని అడిగాను. "స్కానింగ్ తీశారు కదండి" అంది. ఇక్కడే చాలామంది పొరపాటు పడుతున్నారండి, పొట్ట మీద జెల్లు రాసి తీసే స్కానింగ్‌లో ఈ క్యాన్సర్ ముందు దశ కనిపించదు. దానికి ముఖద్వారాన్ని కంటితో చూడాలి, లేదా అక్కడి నుంచి దూదిపుల్లతోనో చిన్న బ్రష్‌తోనో కొన్ని కణాలు తీసి ల్యాబుకి పంపాలి.

ఆ వదినకి అప్పుడే పరీక్ష చేశాం. ఎలా చేస్తారో చెప్తాను, ఎందుకంటే భయమంతా తెలియకపోవడం వల్లే. కర్టెన్ వేస్తారు, చీర విప్పక్కర్లేదు, పైకి సర్దుకుని పడుకుంటే చాలు. స్పెక్యులమ్ అని ఒక పరికరం లోపల పెట్టి, లైటు వేసి చూస్తారు. ఆ పెట్టేటప్పుడు కాస్త ఒత్తినట్టు ఉంటుంది, గట్టిగా ఊపిరి వదిలితే ఒళ్ళు వదులవుతుంది, అంత ఇబ్బంది ఉండదు. తర్వాత పల్చటి వెనిగర్‌లో దూది ముంచి ముఖద్వారం మీద అద్దుతారు. అవునండి, హోటల్లో నూడుల్స్‌లో వేస్తారే, అలాంటి ఆమ్లమే, 3 నుంచి 5 శాతం ఉంటుంది. గడియారం చూసుకుని ఒక నిమిషం ఆగుతారు. కణాలు మామూలుగా ఉంటే ముఖద్వారం గులాబీ రంగులోనే ఉంటుంది, మారడం మొదలెట్టిన కణాలుంటే ఆ చోట తెల్లగా, అంచు కనిపించేలా మచ్చ తేలుతుంది. తెల్లమచ్చ తేలినంత మాత్రాన క్యాన్సర్ అని కాదండి, ఇంకొంచెం జాగ్రత్తగా చూడాలని. మొత్తం కలిపి ఐదు నిమిషాలు.

ఆ వదినకి ఏ మచ్చా తేల్లేదు. పుండు అని చెప్పింది చాలామందికి మామూలుగానే ఉండే ఎరుపు, తెల్లబట్టకి కారణం ఇన్ఫెక్షను, భార్యాభర్తలిద్దరికీ మందులిచ్చాం, తగ్గింది. దిద్దులు విడిపించుకుంది. 33 ఏళ్ళకి సంచితో పాటు అండాశయాలు కూడా తీసేసి ఉంటే ఆ వయసుకే ముట్లుడిగిపోయి ఒళ్ళంతా ఆవిర్లు, ఎముకలు గుల్లబారడం, ఆ అవస్థ ఎవరు తీరుస్తారండి?

నేను ఊరికే అనట్లేదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో సంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద 100కి 3 మంది, మన ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 మంది, అంటే మూడింతలు. ఆ తర్వాత 2019-21 సర్వే చూస్తే 30 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో జీవితంలో ఒక్కసారైనా ఈ ముఖద్వార పరీక్ష చేయించుకున్నవాళ్ళు దేశంలో 100కి 2 మంది కూడా లేరు. క్యాన్సర్ వస్తుందేమోనని సంచి తీయించుకోవడానికి అప్పు చేస్తాం, ఆ క్యాన్సర్ ఉందో లేదో చూసే పరీక్షకి మాత్రం వెళ్ళం. నాకు ఇది చాలా బాధగా ఉంటుందండి. సంచి తీయాల్సిన జబ్బులు లేవని కాదు, పెద్ద గడ్డలుంటే, మందులకి ఆగని రక్తస్రావం ఉంటే తీయాలి. నేననేది ఏంటంటే, క్యాన్సర్ భయంతో తీయించుకోబోతున్నారంటే ముందు ఆ పరీక్ష రిపోర్టు చూపించమని అడగండి, అడిగే హక్కు మీకుంది.

ఇక ఈ క్యాన్సర్ ఎందుకొస్తుందంటే హెచ్‌పీవీ అనే వైరస్ వల్ల. ఈ వైరస్‌లో చాలా రకాలున్నాయి, అందులో 16, 18 నంబర్లవే పదింటిలో ఏడు క్యాన్సర్లకి కారణం. భార్యాభర్తల కలయిక వల్ల సోకుతుంది కాబట్టి మాట బయటికి రాగానే ఇంట్లో అనుమానాలు, గొడవలు మొదలవుతాయి, అలా చేయకండి. కాపురం చేసేవాళ్ళలో ఎక్కువమందికి ఎప్పుడో ఒకప్పుడు సోకేదే ఇది, ఎప్పుడు సోకిందో చెప్పలేం, ఎక్కువమందిలో ఏడాది రెండేళ్ళలో దానంతటదే పోతుంది. పోకుండా కొందరిలో ఉండిపోతుంది చూడండి, వాళ్ళలో కణాలు మెల్లగా మారతాయి. మారడం మొదలయ్యాక క్యాన్సర్ అవ్వడానికి పదేళ్ళు, పదిహేనేళ్ళు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. నొప్పి ఉండదు, ఏమీ తెలియదు. అన్నేళ్ళు టైమిచ్చే క్యాన్సర్ ఇంకోటి ఉందా అనిపిస్తుంది నాకైతే, ఆ టైములో ఒక్కసారి చూసినా దొరుకుతుంది, దొరికితే వేడి పరికరంతో ఆ చోట కాల్చేస్తారు, ఒక్కోసారికి నిమిషం లోపే, మత్తు కూడా అక్కర్లేదు, అదే రోజు ఇంటికెళ్ళిపోవచ్చు. సంచి సంచిలాగే ఉంటుంది.

"డాక్టరమ్మ లేకుండా నర్సులు చూస్తే తెలుస్తుందా?" అంటారు కొందరు. ముంబైలో టాటా మెమోరియల్ ఆస్పత్రి వాళ్ళు బస్తీల్లో లక్షన్నర మంది ఆడవాళ్ళతో పెద్ద పరిశీలన చేశారండి. పదో తరగతి చదివిన ఆడవాళ్ళకి ట్రైనింగ్ ఇచ్చి ఇదే వెనిగర్ పరీక్ష రెండేళ్ళకోసారి చేయించారు. 2013లో ఫలితం చెప్పారు, ఈ క్యాన్సర్‌తో చనిపోయేవాళ్ళు 31 శాతం తగ్గారు.

ఇప్పుడు ఇంకొక పెద్దావిడ సంగతి చెప్పాలి. 58 ఏళ్ళుంటాయి, ముట్లుడిగి ఏడెనిమిదేళ్ళు. మళ్ళీ ఎరుపు కనపడింది. ఆవిడ ఏమనుకుందో తెలుసాండి, మళ్ళీ నెలసరి మొదలైందనుకుంది. దేవుడి గదిలోకి వెళ్ళలేదు, మూడో రోజు తలస్నానం చేసింది, కోడలికి చెప్పడానికి సిగ్గుపడింది. అలా ఏడాదిపైనే. వాసన వస్తోందని మనవరాలు అంటే అప్పుడొచ్చింది. కాకినాడ పెద్దాస్పత్రికి పంపాం, రేడియేషన్ పెట్టారు, కానీ అప్పటికే చాలా దూరం వెళ్ళిపోయింది. ముట్లుడిగాక ఒక్క చుక్క కనిపించినా, కలయిక తర్వాత రక్తం కనిపించినా, దుర్వాసనతో నీళ్ళలాంటి తెల్లబట్ట అవుతున్నా ఆ వారమే వెళ్ళండి, ఆగకండి. 2022 లెక్కల ప్రకారం మన దేశంలో ఏడాదికి సుమారు 1,27,000 మందికి ఈ క్యాన్సర్ వస్తోంది, దాదాపు 80,000 మంది చనిపోతున్నారు.

పరీక్ష ఎవరికంటే, 30 నుంచి 65 ఏళ్ళ మధ్య ఉన్న ప్రతి ఆడమనిషికీ, ఐదేళ్ళకోసారి, ఏ బాధా లేకపోయినా సరే. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళు 25 నుంచే మొదలెట్టాలి, ఇంకా త్వర త్వరగా చేయించుకోవాలి. 50 దాటినవాళ్ళకి చూడాల్సిన భాగం లోపలికి వెళ్ళిపోతుంది కాబట్టి వెనిగర్ పరీక్ష కంటే కణాలు తీసి ల్యాబులో చూసే పాప్ స్మియరో, వైరస్ ఉందో లేదో చూసే హెచ్‌పీవీ పరీక్షో మంచిది. హెచ్‌పీవీ పరీక్షకి అయితే శాంపిల్ మీకు మీరే బాత్రూంలో తీసుకునే పద్ధతి కూడా ఉంది, సిగ్గుపడేవాళ్ళు అది దొరుకుతుందా అని అడగండి. ఆడపిల్లలకి 9 నుంచి 14 ఏళ్ళ వయసులో ఈ వైరస్ రాకుండా వేసే టీకా ఉంది, మన దేశంలో తయారైన సెర్వావాక్ కూడా వచ్చింది, కానీ టీకా వేయించుకున్న పిల్ల కూడా 30 దాటాక ఈ పరీక్ష చేయించుకోవాల్సిందే.

మీ ఊరి ఆశా కార్యకర్తని కానీ ఏఎన్ఎమ్మమ్మని కానీ అడిగితే ఎప్పుడు రావాలో, ఎక్కడ చేస్తారో చెప్తారు. ముట్టు రోజుల్లో వెళ్ళకండి, ముందు రెండు రోజులు కలయిక వద్దు, లోపల పెట్టుకునే మందులేవీ వద్దు. ఒక్కళ్ళే వెళ్ళడానికి బెరుకైతే తోడికోడలినో పక్కింటి అక్కనో తీసుకెళ్ళి ఇద్దరూ చేయించుకోండి. వచ్చేటప్పుడు రిజల్టు రాసిన చీటీ అడిగి తీసుకోండి, మళ్ళీ ఏ నెలలో ఏ సంవత్సరంలో రావాలో దాని మీదే రాయించుకుని రేషన్ కార్డు పెట్టే కవర్లో పెట్టుకోండి. రేపెవరైనా సంచి తీసేయాలంటే ముందు ఆ చీటీ చూపించండి. ఉంటానండి, నమస్కారం.